ఇటుకల మీద ఆసుపత్రి

మా అంబులెన్సుకు ఆసుపత్రి హోదా వచ్చిన రోజున మస్తానన్న దాని నాలుగు చక్రాలూ విప్పేశాడు. ఇందులో మస్తానన్న తప్పేమీ లేదు. "సదరు ఆసుపత్రి యొక్క చక్రములు తక్షణమే తొలగించవలెను" అని ఉత్తర్వులో ఉంది. ఆ కాగితం నేను రెండుసార్లు చదివాను.

ఏ కాగితం వచ్చినా రెండుసార్లు చదవటం నాకు అలవాటు. మా ఊరి బళ్లో లెక్కలు చెప్పిన పంతులుగారు, "జవాబు రాకపోతే ప్రశ్న ఇంకోసారి చదువు సువార్తా" అనేవారు. నేను పెద్దగా మాట్లాడను. మాట్లాడని సమయమంతా చదవటానికే పోతుంది.

మాది హైవే మీద మర్లకుంట అడ్డరోడ్డు. అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రికి అరవై రెండు కిలోమీటర్లు. మస్తానన్న ఎంత తొక్కినా గంట పైనే పడుతుంది. ఆయన డ్రైవరు, నేను టెక్నీషియన్ని. రోడ్డుకు అవతలి పక్క అంకమ్మత్త టీ బంకు. ఆమె నాకు వరసకు అత్తేమీ కాదు. రోజూ టీ పోసి, "తిన్నావా?" అని అడిగే మనిషిని ఏదో ఒకటి పిలవాలి కదా.

కిందటేడు వేసవిలో అంకమ్మత్త భర్త కోటయ్య మామను గ్రానైటు లారీ గుద్దింది. తొడ దగ్గర పెద్ద నరం తెగింది. గట్టిగా కట్టు కట్టాం, సెలైన్ పెట్టాం, సైరన్ మోగించాం. మా దగ్గర ఉన్నవి అవే. నలభై ఎనిమిదో కిలోమీటరు రాయి దగ్గర మామ చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. ఆసుపత్రిలో డాక్టరుగారు చూసి, "ఇంకెక్కడా దెబ్బ లేదమ్మా. దారిలో ఒక్క సంచి రక్తం పడి ఉంటే ఇక్కడి దాకా వచ్చేవాడు" అన్నారు.

అంకమ్మత్త అప్పుడు ఏడవలేదు.

"మరి దారిలో ఎందుకు లేదు?" అని అడిగింది.

ఆ ప్రశ్న పైకి వెళ్లలేదు. అంకమ్మత్త ప్రశ్నలు రోడ్డు దాటి పోవు. పైవాళ్లకు సంగతి వేరే దారిలో తెలిసింది. పెద్ద కార్యాలయం నుంచి ఎవరో విదేశంలో సదస్సుకు వెళ్లొచ్చారు. అక్కడ ప్రమాదం జరిగిన చోటే రక్తం ఎక్కిస్తారట, ప్రాణం నిలుస్తుందట. నెల తిరక్కుండా మాకూ ఒక పథకం వచ్చింది. దాని పేరు రహదారి రక్తధార.

ఆ పేరుతో బండికి కట్టిన బ్యానరును మస్తానన్న పైకి చదివాడు.

"పేరు ఇప్పుడు పెట్టారుగానీ సువార్తమ్మా, మన రోడ్డు మీద ఈ పథకం ఎప్పట్నించో నడస్తానే ఉందిగా" అన్నాడు.

నన్ను పదిహేను రోజులు శిక్షణకు పంపారు. నిజం చెప్పాలంటే అక్కడ బాగా నేర్పారు. సంచి మీద ఏం చూడాలి, ఎంత వేగంగా ఎక్కించాలి, ఒళ్లు వణికితే ఏం చెయ్యాలి, డ్యూటీ డాక్టరును ఫోనులో ఏం అడగాలి, అన్నీ చెప్పారు. తిరిగి వచ్చేసరికి బండిలో ఒక చల్లటి పెట్టె అమర్చి ఉంది. అందులో రెండు సంచులు. ఎవరికైనా సరిపోయే గ్రూపు.

ప్రారంభోత్సవానికి జిల్లా సమన్వయాధికారి పానకాలరావు గారు వచ్చారు. రిబ్బను కత్తిరించి నలభై నిమిషాలు మాట్లాడారు. అంత సేపూ అంకమ్మత్త టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని పెట్టెనే చూస్తోంది. ఉపన్యాసం అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

"ఇదేనా అమ్మాయ్?"

"ఇదే అత్తా."

"మీ మామకి సరిపోయేదేనా?"

"ఎవరికైనా సరిపోద్ది."

ఆమె పెట్టె మూత మీద చెయ్యి వెయ్యబోయింది.

"ముట్టరాదు! అది ప్రభుత్వ రక్తం" అన్నారు పానకాలరావు గారు.

అంకమ్మత్త చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది. "ముట్టన్లే సారూ. ఈసారి ఎవురన్నా పడితే నలబై ఎనిమిదో రాయి దాటిస్తే చాలు" అంది.

ఆ వారమే మార్గదర్శకాలు వచ్చాయి. ముప్పై ఆరు పేజీలు. ఏడో నిబంధన ఇలా ఉంది: "క్షతగాత్రునికి ఆసుపత్రికి చేరక పూర్వమే రక్తము ఎక్కించవలెను." దాని కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక: "నమోదైన ఆసుపత్రి యందు తప్ప అన్యత్ర రక్తము ఎక్కించుట నిషిద్ధము. పాత చట్టము చూడుడు." రెండుసార్లు చదివాను. జవాబు రాలేదు. మూడోసారి కూడా చదివాను.

నెలవారీ సమావేశంలో లేచి నిలబడ్డాను. ఉద్యోగంలో చేరాక సమావేశంలో నేను నోరు విప్పటం అదే మొదలు.

"సార్, చిన్న సందేహం."

"అడగమ్మా, అడుగు. క్షేత్రస్థాయి సందేహములే పథకమునకు ప్రాణవాయువు" అన్నారు పానకాలరావు గారు.

"ఆసుపత్రికి రాకముందే ఎక్కించాలని పైన ఉంది సార్. ఆసుపత్రిలో తప్ప ఎక్కించకూడదని కింద ఉంది. రోగి ఎక్కడుండాలో అర్థం కాలేదు."

రిజిస్ట్రేషన్ల విభాగం సూపరింటెండెంటు దశరథరామయ్య గారు కళ్లజోడు సవరించుకుని పేజీ తిప్పారు. ఆయన ముప్పై ఏళ్లుగా ఆసుపత్రులకు అనుమతి పత్రాలు ఇస్తున్నారు. ఏ ఆసుపత్రిలోనూ ఎప్పుడూ పడుకోలేదని చెప్పుకుంటారు.

"పైది సరైనదే. కిందది కూడా సరైనదే. ఉల్లంఘించుటకు రెండూ వీలుగాదు" అన్నారాయన.

"కంగారు పడనవసరం లేదు. పరస్పరం విరుద్ధమైన వాటిని సమన్వయపరచుటకే గదా నన్ను సమన్వయాధికారిగా వేసినది!" అన్నారు పానకాలరావు గారు. వెంటనే ఒక ఉపసంఘం వేశారు.

ఉపసంఘం తేల్చే దాకా పెట్టెకు తాళం వెయ్యమన్నారు. ఆ ఇరవై రోజుల్లో ట్రాక్టరు తిరగబడి ఒక రైతును తీసుకెళ్లాం. పెట్టె ఒక పక్క, ఆయన ఒక పక్క. మా అదృష్టం కొద్దీ ఆయన రక్తం నిదానంగా కారింది.

ఇరవై ఒకటో రోజున పరిష్కారం వచ్చింది. పానకాలరావు గారే స్వయంగా ఫోను చేసి చెప్పారు. ఆయన గొంతులో ఆనందం ఆగటం లేదు.

"రక్తము ఆసుపత్రిలోనే ఎక్కించాలి, అవునా? రోగి వద్దకు ఆసుపత్రి వెళ్లలేదు, అవునా? అయితే రోగి వద్దకు వెళ్లే దానినే ఆసుపత్రిగా నమోదు చేసిన యెడల? మీ అంబులెన్సు ఇకమీదట అంబులెన్సు కాదమ్మా. ఆసుపత్రి!"

అప్పటికి అది నాకూ తెలివైన పనిగానే తోచింది. అంకమ్మత్తకు చెప్తే, "పోన్లే, ఏ పేరు పెడితే ఏంది, తాళం తీస్తారుగా" అంది.

తాళం తియ్యటానికి ముందు దశరథరామయ్య గారు టేపు పట్టుకుని తనిఖీకి వచ్చారు. ఆసుపత్రి అన్నాక ఉండవలసినవి కొన్ని ఉంటాయి. రోగి బంధువులు వేచి ఉండటానికి గది లేదని రాసుకున్నారు. మస్తానన్న రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వెనక తలుపు పక్కన పెట్టి, ఇదే గది అన్నాడు. ఓపీ వేళలు బోర్డు మీద రాయించాలన్నారు. ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు అని రాయించాం. రోగులను చూడ్డానికి వచ్చేవారికి సాయంత్రం నాలుగు నుంచి ఆరు. స్త్రీ పురుషులకు వేర్వేరు మరుగుదొడ్లు ఎక్కడ అని అడిగితే, మస్తానన్న రోడ్డుకు ఆ పక్క తుమ్మచెట్లను, ఈ పక్క తుమ్మచెట్లను చూపించాడు. ఆయన రెండు టిక్కులు పెట్టుకున్నారు.

తర్వాత సైరన్ దగ్గరికి వచ్చారు.

"ఇది తీసెయ్యాలి. ఆసుపత్రికి నూరు మీటర్ల లోపున హారన్ మోగించరాదు."

"ఇది బండి మీదే ఉంటది గద సార్" అన్నాడు మస్తానన్న.

"అదే చెప్తున్నాను. నూరు మీటర్ల లోపే ఉంది."

ఆఖర్న చిరునామా అడిగారు. మస్తానన్న నంబరు ప్లేటు చూపించాడు. దశరథరామయ్య గారు జాలిగా తల ఊపారు.

"అది వాహనానికి. ఆసుపత్రికి డోర్ నంబరుండాలి, గ్రామం ఉండాలి, మండలం ఉండాలి. రేపు ఇది పక్క మండలంలోకి పోయిందనుకో, ఆ మండలంలో దీనికి అనుమతి ఏదీ? అనుమతి లేని ఆసుపత్రి అంటే నకిలీ ఆసుపత్రి. నేను సంతకం పెట్టింది నకిలీ ఆసుపత్రికా?"

ఆ మనిషి తప్పు సంతకం ఒక్కటి కూడా పెట్టలేదని మా జిల్లాలో అందరికీ తెలుసు.

అలా ఆ ఉత్తర్వు వచ్చింది. చక్రాలు తొలగించాం. బండిని జాకీల మీద లేపి, నాలుగు మూలలా ఇటుకలు పేర్చి దించాం. డోర్ నంబరు 4-17/ఎ. పెట్టెకు తాళం తీశారు.

మస్తానన్న చేతుల మసి తుడుచుకుంటూ అడిగాడు. "మరి పేషెంట్ని ఎట్టా తేవాల సార్?"

"అంబులెన్సులో తేవాలి."

"అంబులెన్స్ ఇదే గద సార్!"

"ఇది ఆసుపత్రి. మీరంతా పాత ఆలోచనల్లోనుంచి బయటికి రావాలయ్యా" అన్నారు దశరథరామయ్య గారు.

మస్తానన్నకు స్థిర వాహన చోదకుడు అని కొత్త హోదా ఇచ్చారు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా స్టీరింగు ముందు కూర్చోవాలి. విప్పిన చక్రాలు ఎక్కడ పెట్టాలని అడిగితే, ఆసుపత్రి పరికరాల జాబితాలో చక్రాలు లేవు కాబట్టి అవి ఉన్నట్టు కాదు అన్నారు. లేని చక్రాలను ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాం.

"నా బంకు కాడ పడెయ్యి తమ్ముడూ. గిరాకీ కూచోడానికి పనికొస్తయ్" అంది అంకమ్మత్త.

ఆ రోజు నుంచి లారీ డ్రైవర్లు మా చక్రాల మీద కూర్చుని టీ తాగారు.

నాలుగు నెలలు గడిచాయి. ప్రమాదాలు మాత్రం చిరునామా లేకుండా ఎక్కడ పడితే అక్కడ జరిగేవి. ముప్పై కిలోమీటర్ల అవతల వెలిగలూరు నుంచి అంబులెన్సు వచ్చి గాయపడినవాళ్లను ఎక్కించుకునేది. మా ముందుకు రాగానే, ఆసుపత్రి ఉంది కాబట్టి, సైరన్ ఆపేది. నూరు మీటర్లు దాటాక మళ్లీ మోగించుకుంటూ పోయేది. మధ్యలో మా దగ్గర ఆగి రక్తం ఎక్కించుకుని పోవచ్చు కదా అని మొదట్లో నేను చెయ్యి ఊపేదాన్ని. ఆగాలంటే ఓపీ చీటీ కావాలి. ఓపీ పన్నెండుకు అయిపోతుంది. మా రోడ్డు మీద మనుషులు ఎక్కువగా మధ్యాహ్నం పూట పడతారు.

అలా వెళ్లినవాళ్లలో ఒక గొర్రెల కాపరి ఉన్నాడు. అతను నలభై ఎనిమిదో రాయి దాటలేదు. కబురు తెలిసిన రోజున అంకమ్మత్త రోడ్డు దాటి వచ్చింది. టీ తెచ్చి వెనక తలుపు గడప మీద పెట్టి, నా మొహం చూడకుండా వెళ్లిపోయింది.

రెండు వారాలకొకసారి రక్తనిధి వాళ్లు వచ్చి సంచులు మార్చి వెళ్లేవాళ్లు. పాతవి అక్కడ ఎవరికో ఒకరికి వాడేవాళ్లు. నివేదికలో వృథా సున్నా అని పడింది. సున్నా శాతం రాష్ట్రంలో ఇంకెవరికీ రాలేదు. పానకాలరావు గారికి ప్రశంసాపత్రం వచ్చింది. మిగతా జిల్లాలకు ఆదర్శంగా చూపించేందుకు ఫొటోలు కావాలని, ఒక ఉదయం ఆయన, దశరథరామయ్య గారు ఒకే కారులో మా ఆసుపత్రికి వచ్చారు. డ్రైవరు లేడు, పానకాలరావు గారే నడుపుకొచ్చారు.

బంధువుల గదిలో ఇద్దరూ చెరో కుర్చీ మీద కూర్చున్నారు. పానకాలరావు గారు రోడ్డు అవతలికి చెయ్యెత్తి, "అమ్మా, రెండు టీ! ఒకటి చక్కెర లేకుండా!" అని కేకేశారు.

దశరథరామయ్య గారు అలవాటు కొద్దీ ఫైలు తిరగేస్తున్నారు. ఉన్నట్టుండి ఆయన వేలు ఒక పేజీ మీద ఆగింది.

"ఒక సూక్ష్మమున్నదండీ. ఇది ఆసుపత్రి. రోగిని ఇందులోకి ఎక్కించిన మరుక్షణం ఆసుపత్రికి చేరినట్లే. చేరిన తర్వాత ఈ పథకపు రక్తం ఇవ్వరాదు. ఏడో నిబంధన."

పానకాలరావు గారు ఫైలు తన వైపు తిప్పుకుని చూశారు. తర్వాత ఆయన మొహం విచ్చుకుంది.

"అనగా ఈ నాలుగు మాసములలో ఒక్క సంచి కూడా వాడకపోవడం..."

"సంపూర్ణంగా నిబంధనలకు అనుగుణమే."

"అద్భుతం!" అన్నారు పానకాలరావు గారు.

ఆ మాట గాల్లో ఉండగానే బ్రేకు కీచుమంది. గ్లాసులు పగిలిన చప్పుడు. రోడ్డు మధ్యలో టీ పళ్లెం గిర్రున తిరుగుతోంది. పాలవ్యాను ముందు చక్రం పక్కన అంకమ్మత్త పడి ఉంది.

నేనూ మస్తానన్నా పరిగెత్తాం. వ్యాను కింది ఇనప పట్టీ తొడను చీల్చింది. సరిగ్గా కోటయ్య మామకు తెగిన చోటే. మస్తానన్న తన తువ్వాలు తీసి అదిమిపట్టాడు, నేను పైన పట్టీ బిగించాను. కారటం తగ్గింది గానీ అప్పటికే రోడ్డు మీద చాలా పోయింది. స్ట్రెచరు మీద వేసి ఆసుపత్రి గడప దాకా తెచ్చాం. అంకమ్మత్త పెదాలు తెల్లబడ్డాయి. నాడి దారప్పోగులా అందీ అందకుండా ఉంది. డ్యూటీ డాక్టరుకు ఫోను చేశాను. "రక్తం ఉంటే వెంటనే ఎక్కించమ్మా, అది లేకుండా గంట ప్రయాణం తట్టుకోదు" అన్నారు.

స్ట్రెచరు కాళ్లు మడిచి లోపలికి తొయ్యబోతుంటే దశరథరామయ్య గారు రెండు చేతులూ అడ్డం పెట్టారు.

"లోపలికి తేవద్దు! తెస్తే చేరినట్లే!"

"అయితే బయటే ఎక్కిస్తుంది లెండి" అన్నారు పానకాలరావు గారు.

"బయట ఆసుపత్రి కాదు గదండీ. చట్టవిరుద్ధం."

"లోపల వద్దు, బయట వద్దు! ఆమె చచ్చిపోతన్నది సార్!" అని అరిచాడు మస్తానన్న. "కోటయ్య బావ పోయిందీ ఇట్టాగే. ఆమె మీకు టీ తెస్తా పడింది సార్!"

"నేను కాదనటం లేదయ్యా. నిబంధన కాదంటున్నది" అన్నారు దశరథరామయ్య గారు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. చేతులు మాత్రం దించలేదు.

నేను ఆ రెండు వాక్యాలనూ మనసులో ఇంకోసారి చదివాను. రక్తం ఆసుపత్రిలో ఉండాలి. మనిషి ఆసుపత్రికి చేరకూడదు. రెండూ ఒకేచోట ఉండాలని మాత్రం ఎక్కడా లేదు.

"సార్, అత్తను గడప బయటే పడుకోబెడతాను. సంచి లోపల కొక్కేనికి తగిలిస్తాను. గొట్టం ఒక్కటే గడప దాటుద్ది."

దశరథరామయ్య గారి చేతులు నెమ్మదిగా దిగాయి. "గొట్టమా..." అంటూ ఫైలు తెరిచారు. "గొట్టము గూర్చి..."

ఆయన పుస్తకంలో గొట్టం వెతుకుతుండగా నేను అంకమ్మత్త చేతిలో నరం వెతికాను. ఆయన కంటే నాకే ముందు దొరికింది.

సంచి లోపల ఎత్తులో, మనిషి బయట నేల మీద. రక్తం తొందరగానే దిగింది. పది నిమిషాలు గడిచాయో లేదో, అంకమ్మత్త వేళ్లు కొంచెం కదిలాయి.

"గొట్టమును గూర్చి ఎచ్చటనూ నిషేధము లేదు!" అని ప్రకటించారు దశరథరామయ్య గారు. అప్పటికి సంచి సగమైంది.

మొదటి సంచి అయిపోయింది. రెండో సంచి గడప దాటి మాతో రావటానికి మాత్రం నాకు ఏ వాక్యమూ దొరకలేదు. మస్తానన్న ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకెళ్లి పానకాలరావు గారి కారు వెనక సీట్లో పడుకోబెట్టాడు.

"అది కార్యాలయ వాహనమయ్యా! ప్రయాణ ప్రయోజనం అనే చోట ఏమని రాయాలి?"

"టీ తాగటానికి వచ్చాం అని రాయండి సార్" అని మస్తానన్న తలుపేసుకున్నాడు. నాలుగు నెలల తర్వాత ఆయన చేతికి కదిలే బండి దొరికింది. దాన్ని ఎలా తోలాడో నేను రాయను.

అంకమ్మత్త తల నా ఒళ్లో ఉంది. కళ్లు మూసుకునే ఉంది.

"ఎక్కడున్నాం?" అంది చాలాసేపటికి.

"నలభై ఆరు అత్తా."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. పట్టు గట్టిగా లేదు గానీ ఉంది. నేను కిటికీలోంచి రాళ్లు చూస్తూ ఉన్నాను.

"దాటిందా?"

"దాటింది."

"ఎనక్కి చూసి చెప్పు అమ్మాయ్. ఉత్తుత్తినే చెప్పమాక."

వెనక్కి తిరిగి చూశాను. రాయి చిన్నదైపోతోంది.

"నిజంగానే దాటింది అత్తా" అన్నాను.

అంకమ్మత్త బతికింది. ఆ తర్వాతి నెలలో నాకు ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి, వినూత్న విధానం కనిపెట్టినందుకు అభినందన. రెండోది, గొట్టం గురించి సూపరింటెండెంటు గారు నిర్ధారించక మునుపే సూది గుచ్చినందుకు సంజాయిషీ కోరుతూ మెమో. రెంటి కిందా ఒకే సంతకం.

వినూత్న విధానానికి గడప విధానం అని పేరు పెట్టారు. రోడ్డు మీద రక్తం ఎక్కించటంలో జిల్లా విజయం సాధించిందని నిరూపణ అయింది కాబట్టి, జిల్లాలోని మిగతా ఇరవై రెండు అంబులెన్సులను కూడా ఆసుపత్రులుగా నమోదు చేసి ఇటుకల మీద పెట్టమన్నారు. వెలిగలూరు బండి కూడా ఇటుకలెక్కింది. పొడుగు గొట్టాలు తెప్పిస్తున్నారు. ఆ సర్క్యులర్‌లో పదకొండో పేరా నాకు కంఠస్థం వచ్చింది: "ప్రమాదములు ఆసుపత్రికి దూర ప్రదేశములందు జరుగుటవలన పథక ఫలములు ప్రజలకు అందకున్నవి. కావున ప్రమాదములు సాధ్యమైనంత మేరకు గడపకు పది అడుగుల లోపుననే జరుగునట్లు ప్రజలలో అవగాహన కల్పించవలెను."

అవగాహన కల్పించే బాధ్యత టెక్నీషియన్లది. సున్నం బకెట్టు ఇచ్చారు. గడప ముందు పది అడుగుల గడి గీశాను. మధ్యలో ప్రమాద స్థలము అని రాశాను.

రెండు నెలలకు అంకమ్మత్త చేతికర్రతో తిరిగొచ్చి బంకు తెరిచింది. ముందు పొయ్యి వెలిగించి, తర్వాత ఆ తెల్లగడి దాకా నడిచొచ్చింది.

"ఇదేంది అమ్మాయ్, ముగ్గా?"

"కాదత్తా. ప్రమాదాలు ఇకనుంచి ఇందులో జరగాలంట."

ఆమె కర్రతో ఆ గీతను ఒకసారి తట్టింది. "రాసినోణ్ణి ఇందులో నిలబెట్టు" అని బంకుకు వెళ్లిపోయింది.

ఆ తర్వాత నాలుగో రోజు, పదకొండు గంటలప్పుడు ఫోను మోగింది. పదిహేడో కిలోమీటరు దగ్గర మిరపకోతకు పోతున్న ఆటో తిరగబడింది. ఒకామె చెయ్యి నలిగి రక్తం ఆగటం లేదట. కంట్రోల్ రూము అమ్మాయి గొంతు బెదిరిపోయి ఉంది.

"ఎవరిని పంపాలో తెలీటం లేదక్కా, అన్నీ ఇటుకల మీదే ఉన్నయ్యి. ఆమెను మీ గడప కాడికి రమ్మని చెప్పమంటున్నారు. చెప్పమంటారా?"

మస్తానన్న స్టీరింగు ముందు నుంచి నన్నే చూస్తున్నాడు. ఉత్తర్వు గుర్తు చేసుకున్నాను. చక్రములు తొలగించవలెను అని ఉంది. తొలగించాం. తొలగించినవి మళ్లీ బిగించరాదని ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఆ మాట పైకే అన్నట్టున్నాను. రోడ్డు అవతల అంకమ్మత్త గరిటె కింద పడేసింది. మా చక్రాల మీద ఎనిమిది మంది లారీ డ్రైవర్లు కూర్చుని టీ తాగుతున్నారు.

"లెగండయ్యా, లెగండి! ఆ గ్లాసులు కింద పెట్టండి! చక్రాలతో పనిబడింది!"

ఎనిమిది మంది లారీ డ్రైవర్లు ఒక బండికి చక్రాలు బిగించటానికి ఎంతసేపు పడుతుందో నేను గడియారంలో చూశాను. ఆరు నిమిషాలు. వాళ్లలో ఒకాయన తన లారీ గాలిగొట్టం లాక్కొచ్చి టైర్లకు గాలి కూడా కొట్టాడు. సైరన్ లేదు కాబట్టి మస్తానన్న హారన్ మీద మోచెయ్యి పెట్టాడు. బంధువుల గది కుర్చీలు రెండూ వెనక దొర్లిపోయాయి.

దారిలో పానకాలరావు గారి ఫోను వచ్చింది. ఆయన అప్పటికి వేరే జిల్లా అధికారులను తీసుకుని మా అడ్డరోడ్డుకు ఫొటోలకు వచ్చి ఉన్నారు.

"సువార్తా! ఇచ్చట గడి ఉన్నది, బోర్డు ఉన్నది. ఆసుపత్రి ఎక్కడ?"

"దారిలో ఉంది సార్" అన్నాను.

మిరపకోత ఆమెకు పదిహేడో రాయి దగ్గర ఒక సంచి మొదలుపెట్టాను, బండి కదులుతుండగా రెండోది ఎక్కించాను. నలభై ఎనిమిదో రాయి దాటేటప్పుడు ఆమె ఆటో డ్రైవరును తిడుతూ ఉంది. ఎవరూ ఆమెను ఆపలేదు.

మధ్యాహ్నం మేం తిరిగొచ్చేసరికి నా కోసం మెమో ఒకటి తయారవుతోంది. దశరథరామయ్య గారు కారు బానెట్ మీద ఫైలు పెట్టుకుని, కనబడకుండా పోయిన ఆసుపత్రిని ఏ నిబంధన కింద నమోదు చెయ్యాలో వెతుకుతున్నారు. టీ బంకు దగ్గర కూర్చోవటానికి ఏమీ లేదు. గిరాకీ అంతా రోడ్డు దాటి వచ్చి, మా ఆసుపత్రి పునాది ఇటుకల మీద వరసగా కూర్చుని టీ తాగుతోంది.

మస్తానన్న హారన్ కొట్టాడు.

"లెగమాకండి!" అని అవతలి నుంచి అరిచింది అంకమ్మత్త. "మీరు అట్టాగే కూచోండి. బండి ఆ ఇటుకల మీదికి ఎక్కదు ఇంక."